దుర్గములలోని గుర్రపుశాలలు

భువనగిరి పట్టణము ప్రక్కనే ఒకే బండరాయిగా లేచిన గొప్ప కొండ కలదు. దాని యెత్తు ఐదువందల అడుగులకు పైబడి యుండును. పశ్చిమ చాళుక్య చక్రవర్తియైన ఆఱవ విక్రమాదిత్యుడు (1076-1126) దానిపై దుర్గమును కట్టించెనని చెప్పుదురు. అతనికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ పేరునుబట్టి కొండకు త్రిభువనగిరి యనియు, క్రమముగా భువనగిరి యనియు పేరు వచ్చెను. పూర్వము నల్లగొండ జిల్లాలోనున్న ఈ పట్టణము 2016లో ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

ఈ దుర్గములో ఆయుధాగారము, కొలనులు, బావులు, వానితోపాటు గుర్రపుశాలలును కలవు. ఆయుధములకును నీటికిని కోటలో చోటుండుట సహజమే. గుర్రములకు వానితో సమానమైన స్థానమేల?

యుద్ధమునకు తగిన మేలుజాతి గుర్రములు దక్షిణదేశమున అరుదు. అరబ్బు, పారశీక దేశములనుండి వానిని ఓడలపై తెప్పించెడివారు. నడిసముద్రముననే కొన్ని ప్రాణములు విడిచెడివి. 16వ శతాబ్దమున విజయనగరమున నివసించిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడొక వింతను వ్రాసినాడు. సాళువ నరసింహరాయలు వేయి బంగారు నాణెములకు మూడు గుర్రముల చొప్పున కొనెడివాడట. దారిలో చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను, బ్రతికియున్నదానితో సమానముగా వెల యిచ్చెడివాడట!

అయినను కొనుటకంటె కాపాడుట కష్టము. 13వ శతాబ్దమున పాండ్యదేశమును చూచిన మార్కోపోలో, అచ్చటి రాజు ఏటేట రెండువేలకు పైగా గుర్రములను కొనుననియు, సంవత్సరాంతమునకు నూరైనను మిగులవనియు వ్రాసెను. మాంసముతో వండిన అన్నమును వానికి పెట్టుటయు, అశ్వవైద్యులు లేకుండుటయు అందుకు కారణములని అతని తలంపు.

కావున గుర్రపుశాల కేవలము గుర్రములను కట్టివేయు కొట్టము కాదు. వాని ప్రాణములను నిలుపు కట్టడము. అందలి ప్రతిభాగమునకును ఒక ప్రయోజనము కలదు. వేడిగాలి పైకి లేచును గనుక కప్పు ఎత్తుగా నుండవలెను. ఆ గాలి వెడలిపోవుటకు గోడల పైభాగమున గవాక్షములుండవలెను. పగలంతయు కాగిన బండ రాత్రియు వేడిని వెడలగ్రక్కును గనుక కొండకోటలలో ఇది మరింత అవసరము. నేల గట్టిగా, కొంచెము వాలుగా నుండి, వెనుక కాలువ యుండవలెను. తడినేలపై నిలిచిన గుర్రమునకు గిట్టలు కుళ్ళును. మూత్రము నిలిచినచో దాని ఘాటు కన్నులను, ఊపిరితిత్తులను బాధించును. గుర్రములు ఒకదాని నొకటి తన్నుకొనకుండ తలత్రాళ్ళను ముందు మేకులకును, కాలిత్రాళ్ళను వెనుక మేకులకును కట్టెడివారు. వీనినే అగాడి, పిఛాడి యందురు.

మేతకు గాడి యుండును. పాలమూరు, నల్లగొండ మెట్టపొలములలో పండు ఉలవలు గుర్రములకు మంచి దాణా. వానిని ఉడికించియో నానబెట్టియో పెట్టుదురు. ఆంగ్లమునను ఉలవలకు గుర్రపు గింజ యను అర్థమిచ్చు పేరే కలదు.

జంతుశాలలకును రాజులు శిల్పశోభ కూర్చుట కద్దు. హంపిలో గజశాలయని పిలువబడు కట్టడమందుకు నిదర్శనము. అందు ఒకే వరుసలో 11 గదులు కలవు. ప్రతిగదికి ముందు ఎత్తైన కమాను, నడిమిగది తప్ప తక్కినవానిపై గుమ్మటము. నడిమిగదికి ఇరువైపుల గుమ్మటములు జంటజంటలుగా ఒండొంటిని పోలియుండును. గది గదికిని నడుమ చిన్న ద్వారములు కలవు. ఏనుగునకు వలసిన యెత్తును, గాలిని సమకూర్చుచునే శిల్పి అందమును సాధించినాడు.

కోటలను చూడబోవువారు సాధారణముగా బురుజులను, ఫిరంగులను చూచి మరలుదురు. శిథిలమైన శాలవద్దను ఒక్కక్షణము నిలువవలెను. గాలి ఎటు వచ్చును? నీరు ఎటు పోవును? అని యోచించినచో, మూగజీవి అవసరమును ఎఱిగి కట్టిన పనివాని వివేకము ఆ రాళ్ళయందు కనబడును.