రామగుండం తిప్పిన పళ్లెం

రికార్డు ప్లేయర్‌ను ఇంట్లోనే బాగుచేసుకుని మెరుగుపరుచుకోవాలనుకునేవారికి ఇంగ్లండు, అమెరికా పత్రికలు ఇచ్చే సలహాల చిట్టా పెద్దదే. మోటర్‌కు విడిగా పవర్ సప్లై పెట్టాలి, గోడకు బిగించిన బల్ల మీద ప్లేయర్ ఉంచాలి, కేబుళ్లు మార్చాలి. ఆ చిట్టాను జమ్మికుంటకు తెచ్చి చూస్తే చాలావరకు చెల్లదు. గోడ బల్ల సలహా అడుగు వేస్తే ఊగే చెక్క నేలల కోసం పుట్టింది. సిమెంటు స్లాబు మీద, బండ పరుపు మీద దానితో పెద్దగా పనిలేదు. పవర్ సప్లై సంగతి ఇంకా ఆసక్తికరం. ఒకప్పుడు ఆ సలహా అవసరం అక్కడివాళ్లకంటే మనకే ఎక్కువ, ఇప్పుడు మనకూ దాదాపు లేదు. ఇక్కడి టర్న్‌టేబుళ్లకు జరిగిన అతిపెద్ద మరమ్మతు ఇంటి బయట, కరెంటు గ్రిడ్డులో జరిగిందన్నది నా వాదన.

ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటుకు పెట్టిన గ్రామఫోన్‌ను మొదట్లో చేత్తోనే తిప్పేవారు. తర్వాత ఎల్డ్రిడ్జ్ జాన్సన్ చేసిన స్ప్రింగు మోటర్ వచ్చింది, దానితోపాటే వేగం గవర్నర్ చేతికి పోయింది. వేగం పెరిగితే దాని చిన్న బరువులు బయటికి జరిగి, ఒక బిళ్లను బ్రేకు మెత్తకు ఒరిపిస్తాయి. కీ ఇచ్చి తిప్పే ఆ పాత పెట్టెకు తన వేగాన్ని తానే కాపాడుకునే ఏర్పాటు ఉండేది. గోడ ప్లగ్గుతో నడిచే సింక్రనస్ మోటర్ వచ్చాక దాన్ని తీసేశారు. ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపుకు కట్టుబడే మోటర్ తిరుగుతుంది, ఇక కాపలా దేనికి అనుకున్నారు. 24 ధ్రువాలున్న మోటర్ 50 హెర్ట్జ్ మీద నిమిషానికి సరిగ్గా 250 చుట్లు తిరుగుతుంది. పుల్లీ, బెల్టు దాన్ని ఏడున్నర రెట్లు తగ్గించి 33⅓ చేస్తాయి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలోనే జమ్మికుంటకు ఉత్తరాన ఉన్న రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. అక్కడి టర్బైన్ వేగం నిమిషానికి 3000 చుట్లు. అది 90 సార్లు తిరిగితే జమ్మికుంటలో ఎల్.పి. ఒక్కసారి తిరుగుతుంది. మధ్యలో ఉన్నవి తీగలే అయినా ఈ లెక్క పళ్లచక్రాలు బిగించినంత గట్టిది. రామగుండం అనడం సౌలభ్యం కోసమే, గ్రిడ్డుకు కట్టిన జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగాల్సిందే.

ఆ లయే తప్పేది. ఉత్పత్తి కంటే వాడకం ఎక్కువైతే జనరేటర్ల మీద బరువు పడి అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. 2003కు ముందు దక్షిణాది గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్ దాకా దిగడం అరుదేమీ కాదు. 48 దగ్గర టర్బైన్ 2880కి, ఎల్.పి. 32కి దిగుతుంది. అంటే నాలుగు శాతం లోటు. శ్రుతి ఒక స్వరస్థానంలో ముప్పాతిక వంతుకు కొంచెం తక్కువగా పడిపోతుంది. హార్మోనియం పట్టుకుని ఘంటసాల గొంతుకు శ్రుతి కలపబోయినవారికి అది రెండు మెట్ల మధ్య ఇరుక్కుని ఉండేది. ఇంట్లో స్టెబిలైజర్ ఉంది కదా అంటే, అది సరిచేసేది వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని కాదు. చిన్న రబ్బరు చక్రంతో పళ్లెం తిప్పే పాత ప్లేయర్లలో ఉండేది ఇండక్షన్ మోటర్ కాబట్టి వాటికి వోల్టేజీ కొంత సాయపడేది, సింక్రనస్ మోటర్‌కు అదీ లేదు. వేగం చూసే స్ట్రోబ్ బిళ్ల సంగతి మరీ విచిత్రం. 50 హెర్ట్జ్ దీపం కింద 180 గీతలు కదలకుండా నిలబడితే వేగం 33⅓ అని లెక్క. కానీ ఆ దీపమూ అదే కరెంటుతో వెలుగుతుంది. పళ్లెం నెమ్మదిస్తే దీపం మిణుకూ నెమ్మదిస్తుంది, గీతలు ఎప్పటిలాగే నిలబడతాయి. దొంగా, సాక్షీ ఒకే ఇంటివాళ్లన్నమాట. నిజం తేలాలంటే చేతి గడియారం కావాలి: మూడు నిమిషాలకు 100 చుట్లు రావాలి, 48 హెర్ట్జ్ మీద 96 వస్తాయి.

నిలకడగా నెమ్మదిగా తిరిగితే చెవికి తెలియదు కదా, తెలిసేది వేగం ఊగినప్పుడే అంటారు. విని ఊరుకునేవారి విషయంలో నిజమే. పాటతోపాటు వాయిద్యం పట్టేవారికి, రికార్డు విని పాట నేర్చుకునేవారికి అది వర్తించదు. బ్యాటరీ సెల్స్‌తో నడిచే చిన్న ప్లేయర్లకు ఈ బాధ లేదన్న మాటా ఒప్పుకోవాల్సిందే. వాటి డీసీ మోటర్‌కు గ్రిడ్డుతో సంబంధం లేదు. మిగిలినవాటికి అప్పట్లో అసలైన మందు క్వార్ట్జ్ సప్లై. సెకనుకు 32,76,800 సార్లు కంపించే స్ఫటికం తీసుకుని ఆ సంఖ్యను 16 సార్లు సగం చేస్తే సరిగ్గా 50 వస్తుంది. దాన్ని చిన్న యాంప్లిఫయర్‌తో, తిరగేసి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి మోటర్‌కు ఇవ్వాలి. మోటర్ తినేది కొద్ది వాట్లే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్నది ప్రాణం తీసే వోల్టేజీ. స్కాట్లండ్ కంపెనీ లిన్ తన ఎల్.పి.12 కోసం వల్హల్లా పేరుతో అమ్మిన బోర్డు పనీ ఇలాంటిదే.

ఆ తర్వాత రోగం మూలంలోనే కుదిరింది. 2003 జనవరిలో దక్షిణాదిన కొత్త టారిఫ్ పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పడిపోయిన వేళ తన వాటాకు మించి కరెంటు లాగే రాష్ట్రం ఎక్కువ ధర కట్టాలి. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డులో కలిసింది. ఇప్పుడు నియమాల ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 మధ్య ఉండాలి. కింది అంచున కూడా తప్పు వెయ్యికి రెండు పాళ్లే. ఏ హార్మోనియమూ దాన్ని పట్టదు. ఇంకా అదే పవర్ సప్లై కోసం వేలు పోయడం లేని జబ్బుకు మందు కొనడమే.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్లేయర్ అయితే వేరు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 110 వోల్టులు ఇస్తుంది గాని 60 హెర్ట్జ్ ఇవ్వదు, సింక్రనస్ మోటర్ ఉన్న ఎల్.పి. ప్లేయర్ 27.8 దగ్గర మూలుగుతుంది. దీనికి కావాల్సింది పెద్ద పుల్లీ. జిన్నింగు మిల్లులున్న ఊళ్లో లేతు పనికి కొదవుండదు. అయితే వ్యాసాన్ని ఊరికే 1.2తో గుణించకూడదు, బెల్టు మందం కూడా కలపాలి. 10 మిల్లీమీటర్ల పుల్లీ, 0.6 మందం బెల్టు అయితే కొత్త పుల్లీ 12 కాదు, 12.12 ఉండాలి. ఆ తేడా వదిలేస్తే వేగం దాదాపు ఒక శాతం తగ్గుతుంది, అంటే ఇప్పటి గ్రిడ్డు చేసే తప్పుకు అయిదింతలు.

మిగతా ఇళ్లలో డబ్బు పెట్టాల్సింది సూదికి, ఆ తర్వాత బెల్టుకు. సిరామిక్ కార్ట్రిడ్జ్ తీసి మాగ్నెటిక్‌ది పెట్టేవారు దానికి ఫోనో ప్రీయాంప్ కూడా కావాలని మరవొద్దు, లేకపోతే పాట సన్నగా, బలం లేకుండా వస్తుంది. నాటక పద్యాల 78 రికార్డులున్నవారికి లావు మొన ఉన్న సూది వేరే ఉండాలి, ఎల్.పి. సూది ఆ వెడల్పు గాడి అడుగున దుమ్ములో గరగరలాడుతుంది. క్వార్ట్జ్ సప్లైకి ఇప్పటికీ గట్టి కారణం దొరికేది ఈ ఇళ్లలోనే. తొలినాటి రికార్డులన్నీ 78 వేగంతోనే కోసినవి కావు. 80తో కోసినదాన్ని 78 ప్లేయర్ మీద సరిగా వినాలంటే మోటర్‌కు 51.3 హెర్ట్జ్ అందాలి, అది ఏ గ్రిడ్డూ ఇవ్వదు. ఫ్రీక్వెన్సీని మార్చుకునే వీలుతో సప్లై కట్టుకుని, పద్యం వెనక వినిపించే హార్మోనియం శ్రుతి కుదిరేదాకా మీట తిప్పుకోవాలి.