కేయాస్ తాళం ఎంత గట్టిది?

1961 శీతకాలంలో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ లెక్కను మధ్యనుంచి మళ్లీ నడిపిస్తూ, కంప్యూటర్‌కు 0.506127కు బదులు 0.506 ఇచ్చాడు. లెక్క కొంతదూరం పాత దారినే నడిచి, ఆపైన పొంతనే లేని వాతావరణాన్ని చూపింది. మొదట్లో పిసరంత తేడా చివరికి అంతు తెలియనంతగా పెరిగే ఈ గుణాన్నే కేయాస్ అంటున్నాం. రహస్య లిపికి కావలసిందీ అదే: తాళంచెవిలా పనిచేసే రహస్య సంఖ్యలో, అంటే కీలో, ఒక్క అంకె మారినా ఫలితం గుర్తుపట్టలేనంతగా మారిపోవాలి. 1989లో రాబర్ట్ మాథ్యూస్ ఈ గుణంతో ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి కట్టాడు. ఫోటోలోని పిక్సెళ్ల చోట్లు తారుమారు చేసి, ఆపై వాటి విలువలను కలగలిపే పద్ధతిని 1998లో జెస్సికా ఫ్రిడ్రిక్ ప్రచురించారు. స్కానింగ్ చిత్రాలను నెట్‌లో పంపే చిన్న వైద్య పరికరాల కోసం తర్వాత వచ్చిన ‘తేలికైన’ పద్ధతుల్లో చాలావాటికి మూలం ఇదే.

రోగి చిత్రాన్ని వీటి కాపలాలో పెట్టడం తొందరపాటని నా అభిప్రాయం. గణితంలోని కేయాస్‌కు అంతులేని దశాంశాలున్నాయి, కంప్యూటర్‌కు లేవు. అంకెలు పరిమితమైతే లెక్క ఎప్పుడో ఒకప్పుడు తిరిగిన దారికే వస్తుంది. మాథ్యూస్ పద్ధతిలో ఈ చక్రాలు మరీ చిన్నవి కావచ్చని డేనియల్ వీలర్ అదే ఏడాది చూపాడు. పిక్సెళ్ల చోట్లు తారుమారు చేసే ‘ఆర్నాల్డ్ పిల్లి’ సూత్రాన్ని 124×124 బొమ్మ మీద 15 సార్లు నడిపితే మొదటి బొమ్మే తిరిగొస్తుంది. సీటీ చిత్రంలో మరో చిక్కుంది. శరీరం చుట్టూ ఉన్న మూలలు నల్లగా, అంటే సున్నాలుగా ఉంటాయి. కీ నుంచి పుట్టిన రహస్య అంకెల వరుసను పిక్సెళ్లకు ఎక్సార్‌తో (సున్నాతో కలిపితే అంకెను మార్చని బిట్ లెక్కతో) కలిపితే ఆ మూలల్లో వరుస ఉన్నదున్నట్టు బయటపడుతుంది. ప్రతి చిత్రానికీ అదే వరుస వాడితే, అది దొరికినంత మేరకు మిగతా చిత్రాలూ విప్పినట్టే.

దాచిన చిత్రంలో హిస్టోగ్రామ్ (ఏ పిక్సెల్ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) చదునుగా ఉంది, పక్కపక్క పిక్సెళ్ల మధ్య సంబంధం తెగిపోయింది కదా అంటారు ఈ పద్ధతులను సమర్థించేవారు. బలహీనమైన పద్ధతులూ ఆ పరీక్షలు దాటగలవు. నిపుణులు ఏళ్ల తరబడి విరగ్గొట్టాలని చూసినా నిలవడమే అసలు పరీక్ష. ప్రామాణిక పద్ధతులు చిన్న చిప్‌కు బరువన్న వాదనలో కొంత నిజం ఉండేది. కానీ 2014లో రూపుదిద్దుకున్న ఆస్కాన్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని, బహిరంగ పోటీ తర్వాత, 2023లో అమెరికా సంస్థ నిస్ట్ ఇలాంటి పరికరాల కోసమే ఎంచుకుంది. దానికి 320 బిట్ల మీద సాదా బిట్ లెక్కలు చాలు. కేయాస్ సూత్రాలకో, చాలాచోట్ల దశాంశ లెక్కలు కావాలి. పంపే పరికరం, అందుకునే పరికరం చివరి అంకెను వేర్వేరుగా సవరిస్తే చిత్రమే తెరుచుకోదు. పైగా చిత్రం దారిలో మారిందో లేదో ఆస్కాన్ చెబుతుంది, చాలా కేయాస్ పద్ధతులు ఆ ఊసే ఎత్తవు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీది మచ్చను ఎవరైనా చెరిపి పంపితే, రిపోర్టు రాసేముందే డాక్టరుకు తెలియాలి.