రోగి పోవు దారి

2022 ఏప్రిల్ 4వ తేదీన ఆకివీడునకు జిల్లా కేంద్రము ఏలూరు కాక భీమవరమైనది; అంతవరకు మచిలీపట్టణము ప్రధానస్థానముగాగల కృష్ణా జిల్లాలోనుండిన పొరుగు కైకలూరు, ఆ దినముననే ఏలూరు జిల్లాలో చేరినది. కాగితములు ఒక్కపూటలో మారినవి గాని, నొప్పులు పడుచున్న ఇల్లాలిని ఎచ్చటికి తీసికొనిపోవలెనని తలచునప్పుడు ఆ ఇంటివారు జిల్లా పటము చూడరు. ఏ బస్సు దొరకును, గుడివాడ-భీమవరము లైనున ఏ బండి వచ్చును, ఏ ఊరిలో చుట్టములు క్యారేజీ పంపగలరు, లోగడ తమవారికి నయము చేసిన డాక్టరెవరు అనునవే వారు చూచుకొందురు.

ఈ ప్రయాణములను లెక్కించి, వానినిబట్టి వైద్యవసతులు ఏర్పరుపవలెననుట క్రొత్త భావము కాదు. 1850లోనే అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్, మానసిక చికిత్సాలయములలో చేరినవారి స్వస్థలములను పరిశీలించి, దూరము పెరిగినకొలది వచ్చువారు తగ్గుచుందురని చూపెను. దూరపు పల్లెలలో వ్యాధి తక్కువగుటచేత కాదు, ప్రయాణము భారమగుటచేత. మనకును అట్టి సామగ్రి కలదు: 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పత్రములలో రోగి ఊరు, చికిత్స జరిగిన ఆసుపత్రి రెండును ఉండును.

నా దృష్టిలో ముఖ్యమైనది, ఒక్కమారు చేయు ప్రయాణమును, మరలమరల చేయవలసిన ప్రయాణమును వేరుచేసి చూచుట. గుండె ఆపరేషనుకై విజయవాడ పోవుట జీవితమున ఒక్కసారి కావచ్చును. మూత్రపిండములు చెడినవాడు డయాలిసిస్‌కై వారమునకు రెండుమూడు మారులు పోయి, నాలుగేసి గంటలు పడుకొని, నీరసముతో తిరిగి బస్సెక్కవలెను. తోడుపోయినవాని కూలియు ఆనాడు పోవును. 2023లో ఏలూరున తెరచిన ప్రభుత్వ వైద్య కళాశాల పెద్ద చికిత్సలకు ఆధారమగుగాక. డయాలిసిస్ మంచము మాత్రము పల్లెకు దాపుననుండవలెను.

అయితే ఈ లెక్కలలో కనబడువారు బయలుదేరినవారే. బుడమేరు, తమ్మిలేరుల వరద కొల్లేటిలో దిగి లంక దారి మునిగినప్పుడు, తెల్లవారిన పిదప చూతమని నొప్పినోర్చుకొని పడుకొన్న ముసలమ్మ ఏ రిజిస్టరునకును ఎక్కదు. చేపలచెరువు గట్టున కాపలా పాకలోనుండువాని కార్డు వేరొక మండలమున నున్నచో, అతని రోగము ఆ మండలపు లెక్కలోనే పడును. రోగులు రాలేదు గనుక అవసరము లేదని తేల్చుట పెద్ద అన్యాయము. పోలేనివారి సంగతి ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తలనడిగి ఈ లెక్కకు చేర్పవలెను.

పాఠకులారా, ఓపీ చీటీ వ్రాయించుకొనునప్పుడు కార్డులోని ఊరే కాక, ఆ ఉదయము మీరు బయలుదేరిన ఊరును కూడ చెప్పి వ్రాయించుడు.