హొక్కైడో బొగ్గుకు లెక్క కట్టిన భూవిజ్ఞాని

జపాన్‌లో ఏటా మే 10న ‘భూవిజ్ఞాన దినం’ జరుపుకుంటారు. 1876లో అదే తేదీతో ఒక పటం వెలువడింది. దేశానికి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో ఎక్కడ ఏ శిలలున్నాయో అది రంగుల్లో చూపింది. అంత విశాలమైన ప్రాంతానికి జపాన్‌లో తయారైన తొలి భూవైజ్ఞానిక పటం అదే. గీసింది మాత్రం అమెరికా నుంచి జీతానికి వచ్చిన బెంజమిన్ స్మిత్ లైమన్, ఆయన దగ్గర పని నేర్చుకున్న జపాన్ యువకులు.

లైమన్ 1835లో మసాచుసెట్స్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో డిగ్రీ చేసి, గనుల విద్య కోసం పారిస్, ఫ్రైబెర్గ్ వెళ్లారు. మన ఉపఖండానికీ వచ్చారు. 1870లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కోసం పంజాబ్‌లోని చమురు ఊటలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. 1873లో హొక్కైడో వ్యవహారాలు చూసే జపాన్ ప్రభుత్వ శాఖలో పనిలో చేరారు.

బొగ్గు ఉందా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న కాదు. వాగు గట్ల మీద నల్లటి పొరలు కనబడుతున్న సంగతి అప్పటికే తెలుసు. ఎంత ఉంది, ఎంత లోతులో ఉంది, అడవిలోంచి రైలుమార్గం వేస్తే ఆ ఖర్చు గిట్టుతుందా అన్నవే ప్రభుత్వానికి కావాలి. పైన కనబడే కాస్త ఆధారంతో కింద కనబడనిదాన్ని చెప్పాలన్నమాట.

దీనికి ఆధారం పొర వాలు. బొగ్గుపొర నేలపైకి తేలిన చోట క్లినోమీటర్‌తో వాలుకోణం కొలుస్తారు. పొర 30 డిగ్రీలు వాలి ఉంటే, నేల చదునుగా ఉన్నచోట వాలు దిక్కుగా 100 మీటర్లు నడిచేసరికి అది మన కాళ్ల కింద సుమారు 58 మీటర్ల లోతుకు దిగిపోతుంది. పొర మందాన్ని, విస్తీర్ణాన్ని, బొగ్గు సాంద్రతను గుణిస్తే నిల్వ ఎన్ని టన్నులో అంచనా వస్తుంది. మధ్యలో పొర విరిగినా, పలచబడినా లెక్క తప్పుతుంది. అందుకే చాలా చోట్ల కొలవాలి.

అంత పని ఒక్కరి వల్ల కాదు. లైమన్ తన శిష్యులకు గణితం, సర్వే నేర్పారు. వేసవిలో కొండల్లో కొలతలు, చలికాలంలో టోక్యోలో పటాలు గీయడం. నా దృష్టిలో ఆయన జీతానికి అసలు ఫలితం ఇదే. హొరొనాయ్ గని 1879లో మొదలైంది, 1882కల్లా అక్కడికి రైలు వచ్చింది. ఆయన జపాన్ వదిలి వెళ్లాక, 1888లో యూబారి బొగ్గుపొరను కనిపెట్టింది శిష్యుల్లో ఒకరైన బాన్ ఇచితారో.

పటం చూపనివీ ఉన్నాయి. ఆ నేల ఐను ప్రజలది. వలసలతో వారి అడవులు, నదులు చేజారాయి. హొరొనాయ్‌లో ఖైదీల చేత బొగ్గు తవ్వించారు.

లైమన్‌కు భాషల మీదా ఆసక్తి ఉండేది. మన గసడదవాదేశ సంధిలో తల్లి, తండ్రి కలిసి ‘తల్లిదండ్రులు’ అయినట్టే, జపనీస్‌లో ‘ఒరి’, ‘కామి’ కలిస్తే ‘ఒరిగామి’ అవుతుంది. రెండో పదంలో గ, జ, ద, బ వంటి ధ్వని ముందే ఉంటే ఈ మార్పు జరగదని 1894లో ఆయన రాశారు. జపాన్ పండితులు దీన్ని అంతకుముందే గమనించినా, భాషాశాస్త్రంలో అది ‘లైమన్ నియమం’గానే స్థిరపడింది. ‘కామికాజే’ ‘కామిగాజే’ కాకపోవడానికి కారణం అదే.