అధ్యక్షుని భార్య విహారయాత్ర

దేశాధ్యక్షుని భార్యకు పదవి లేదు, జీతము లేదు. ఐనను ఆమె గడప దాటెనేని లోకము లెక్కల పుస్తకము విప్పును. 2010వ సంవత్సరమున శ్రీమతి మిషెల్ ఒబామాగారి స్పెయిను యాత్ర అట్టిది. సోదరీమణులు దానిని తెలిసికొనదగును.

ఆ యేడు ఆగస్టు 4వ తేదీన వారు స్పెయిను చేరిరి. ఆనాడే భర్తగారి జన్మదినము. ఆయన స్వదేశముననే యుండిరి. పెద్దకుమార్తె వేసవి శిబిరమునకు పోయియుండెను గనుక 9 ఏండ్ల సాషాయే తల్లి వెంట వచ్చెను. కొందరు స్నేహితులును గలరు. మధ్యధరాసముద్ర తీరమున మార్బెల్లా యను విహారస్థలము చేరువ, విల్లా పాడియెర్నా యను గొప్ప హోటలులో బస.

ఒకనాడు గ్రనాడా నగరమునకు పోయి అల్‌హంబ్రా కోట చూచిరి. 13, 14 శతాబ్దులలో నాస్రిద్ వంశపు ముస్లిము రాజులు కొండమీద కట్టించిన నగళ్లు అవి. 1492లో ఫెర్డినాండు, ఇసబెల్లా దంపతుల వశమయ్యెను. గోడలమీద సున్నపు చెక్కడములు కుట్టుపనివలె సన్నముగా నుండును. చావళ్లలో, తోటలలో నీటికాలువలు పారుచుండును. ఆ దేశపు టెండకు ఆ నీరే విసనకర్ర. అదే నగరమున సాక్రోమోంతె గుహలలో ఫ్లమెంకో నాట్యమును జూచిరి. పిమ్మట లోతైన లోయ రెండుగా చీల్చిన రోండా పట్టణము. కడపటి దినమున మయోర్కా ద్వీపమందు హువాన్ కార్లోస్ రాజు, సోఫియా రాణిగారలతో భోజనము.

స్వదేశమున మాత్రము గగ్గోలు పుట్టెను. అప్పుడు అమెరికాలో నూటికి 9 మందికి పైగా పనిలేక యుండిరి. ఒక పత్రికారచయిత్రి ఆమెను ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్టుతో పోల్చెను. సొంత ఖర్చులు తామే చెల్లించుకొందురని అధ్యక్షభవనము వారు చెప్పిరి. ఐనను 2012లో జుడిషియల్ వాచ్ అను సంస్థ ప్రభుత్వపత్రములు తెప్పించి, ప్రజలకైన వ్యయము 4,67,585 డాలర్లని ప్రకటించెను. అందులో అధికభాగము రక్షకభటులకును విమానమునకును అయినదే.

తండ్రిని గోల్పోయిన నెచ్చెలికి తోడుగా నుందునని మాట యిచ్చి ఆమె యీ యాత్ర చేసినదని పత్రికలు వ్రాసినవి. ఒకరి దుఃఖమును చూపి తన తప్పు కాదనుకొనుట ఇల్లాలికి ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. మాట నిలుపుకొనుటను నేను మెచ్చుదును. అంతటి హోటలే కావలెనా యన్నచో, అక్కరలేదనియే నా యభిప్రాయము. పూర్వము సీతాదేవి గంగాతీరపు ఆశ్రమములు చూడగోరిన కోరికయు, ఆమెపై లోకాపవాదమును ఒక్కసారే రాముని చెవిని బడినవి గదా!

విమర్శకుల మాటలలో బలమైనది వేరొకటి. ఆ వేసవి మెక్సికో సింధుశాఖలో చమురు పారి, తీరవాసుల బ్రతుకుతెరువు చెడెను. జూలైలో శ్రీమతి ఒబామాగారే ఫ్లారిడాలోని పనామా సిటీకి పోయి, సెలవులకు ఇక్కడికి రండని జనులను కోరియుండిరి. స్పెయిను నుండి తిరిగివచ్చిన వారమునకు ఆ దంపతులు సాషాతో అదే యూరికి పోయి ఒక రాత్రి గడపిరి. తండ్రీకూతుళ్లు సముద్రస్నానము చేయుచున్న ఛాయాచిత్రమును అధ్యక్షభవనము వారే పత్రికలకిచ్చిరి.