తోడు చుక్కలో నేస్తాలు

"టీచరమ్మా, బాక్టీరియా రోగాలు తెస్తుందన్నావు. మరి పెరుగు తినొచ్చా?" బ్రాడీపేటలో మా రాత్రి చదువు దగ్గర ఒక పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్న!

బాక్టీరియా కంటికి కనబడనంత చిన్న జీవి. అన్ని రకాలూ చెడ్డవి కావు.

పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేస్తాం కదా. తోడులో మంచి బాక్టీరియా ఉంది. అది పాలలోని చక్కెరను పులుపుగా మారుస్తుంది. పాలు పెరుగవుతాయి. మరీ వేడి పాలలో వేస్తే అది చచ్చిపోతుంది. పాలు తోడుకోవు.

ఇక పొలానికి పోదాం. పూత మీదున్న మినుము మొక్కను మెల్లగా తవ్వి చూడండి. వేళ్లకు చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో రైజోబియం అనే బాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. యూరియాతో మనం కొనేదీ నత్రజనే! బుడిపెను గిల్లితే లోపల ఎర్రగా ఉందా? అయితే అది పని చేస్తున్నట్టే. పైరును పీకకుండా కోసి, వేళ్లను నేలలోనే వదలండి. భూమికి బలం.

మన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధన నడిపించారు. అక్కడ 1948లో ఆరియోమైసిన్ మందు వచ్చింది. అది మట్టిలోని బాక్టీరియా ఇచ్చిన మందే. చెడ్డ బాక్టీరియాను అణిచింది.

చెడ్డవీ ఉన్నాయి కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కుని తోడు వేద్దాం. గిన్నె శుభ్రంగా ఉంచుదాం.

ఈ రాత్రి తోడు వేశాక, పలక మీద 'తోడు' అని రాయండి.