క్రొత్త కంప్యూటరు – పాత పన్ను పత్రములు

ఇంటి దస్తావేజులను, నగల పెట్టె తాళములను, పిల్లల జాతకములను భద్రపఱచుట గృహిణి పనియని మనవారు చిరకాలమునుండి యెన్నుచున్నారు. కాని ఆదాయపు పన్ను కాగితముల మాట వచ్చునప్పటికి మాత్రము "అవి మగవారు చూచుకొందురు" అని మనలో ననేకులు తప్పుకొనుచుందురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాపురము చేయుచున్న మన తెలుగు సోదరీమణులకు ఈ యలవాటు క్షేమకరము కాదని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ దేశమున సంపాదనపరులైనవారు ఒక యేటి యాదాయమునకు తామే లెక్క కట్టి, మఱుసటి యేడు సాధారణముగా ఏప్రిల్ 15వ తేదీలోగా '1040' అను ఫారములో ప్రభుత్వమునకు నివేదింపవలెను. దీనిని రిటర్ను అందురు. భార్యాభర్తలు కలిసి యొకే రిటర్ను దాఖలు చేసినచో తఱచుగా పన్ను తగ్గును. ఐతే దానిపై ఇరువురును సంతకము చేయవలెను. చేసిన పిమ్మట ఆ పన్నునకును, వడ్డీకిని, జరిమానాకును ఇరువురును ఉమ్మడిగాను విడివిడిగాను బాధ్యులగుదురు. సంపాదన యంతయు భర్తదే యైనను, పిదప వివాహబంధము తెగినను, ఈ బాధ్యత సాధారణముగా తొలగదు. తెలియక సంతకము చేసిన భార్యకు కొన్ని సందర్భములలో ఉపశమనము కలదు గాని, అది అడిగినంతనే లభించునది కాదు. ఉద్యోగము చేయని భార్య సంతకమునకును ఇంతటి బరువు కలదని గ్రహింపవలెను.

ఈ లెక్కలను అనేకులు ఇంటి కంప్యూటరుపైననే 'టర్బోట్యాక్స్' వంటి సాఫ్టువేరుతో కట్టుకొందురు. అది రెండు విధములు. ఒకటి ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి వెబ్‌సైటులో నడచునది. రెండవది మన కంప్యూటరులోనే స్థాపించుకొనునది. ఈ రెండవ దానికి కంప్యూటరును నడపు మూలవ్యవస్థ, అనగా ఆపరేటింగు సిస్టము, తగినదై యుండవలెను. 2015లో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ రక్షణ సవరణలను నిలిపివేసిరి. తదనుగుణముగా, విండోస్ కంప్యూటరులలో స్థాపించుకొను టర్బోట్యాక్స్‌కు 2025వ సంవత్సరపు ఆదాయపు లెక్కలనుండి విండోస్ 11 కావలసివచ్చినది.

ఇది కంపెనీల వ్యాపారపుటెత్తని కొందఱు విసుగుకొందురు. ఆ విసుగులో కొంత న్యాయము లేకపోలేదు. చక్కగా పనిచేయుచున్న కంప్యూటరును మార్చుట ఎవరికి మాత్రము ఇష్టము? కాని పన్ను రిటర్నులో దంపతుల పేర్లు, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలు, పిల్లల వివరములు, జీతము, బ్యాంకు ఖాతా – అన్నియు నొకే చోట నుండును. అవి దొంగ చేజిక్కినచో మన పేరిట తప్పుడు రిటర్ను వేసి, తిరిగి రాగల సొమ్మును వాడు కాజేయగలడు. రక్షణ సవరణలు లేని కంప్యూటరు గడియ పడని తలుపు వంటిది.

విండోస్ 11నకు 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల నిలువ స్థలము, టీపీఎం 2.0 అను భద్రతా సాధనము మొదలగునవి కావలెను. మైక్రోసాఫ్టువారి 'పీసీ హెల్త్ చెక్' అను ఉచిత సాధనము మన కంప్యూటరు తగునో కాదో చెప్పును. తగినచో వెల లేకయే విండోస్ 10నుండి మార్చుకొనవచ్చును. తగనిచో క్రొత్తది కొనుటయో, ఇంటర్నెట్టు విధమును సురక్షితమైన మఱియొక కంప్యూటరుపై నవలంబించుటయో చేయవలెను.

అసలు జాగ్రత్త పడవలసినది పాత కంప్యూటరును పంపివేయునపుడు. టర్బోట్యాక్స్‌లో ఏ యేటి రిటర్నును తెఱచి సవరించుటకు ఆ యేటి సాఫ్టువేరే కావలెను. కావున పాతది పనిచేయుచుండగనే ప్రతి యేటి రిటర్నును, ఫారములతోను లెక్కల పుటలతోను సహా, పీడీఎఫ్‌గా భద్రపఱచుకొనవలెను. అది ఏ కంప్యూటరులోనైనను తెఱచుకొనును. మూలపు ఫైలును కూడ విడి డిస్కులోనికి ఎక్కించి, దానికి సంకేతపదము పెట్టవలెను. ఒక ప్రతిని కాగితముపై అచ్చువేసి బీరువాలో నుంచుట మఱింత మేలు. ఇవన్నియు సరిగా తెఱచుకొనుచున్నవని చూచుకొనిన తరువాతనే పాత డిస్కును పూర్తిగా తుడిచివేయింపవలెను. ఫైలును చెత్తబుట్టలో వేసినంత మాత్రమున అది నశింపదు.

పాత పత్రము లేల యందురా? ఇంటనుండి రిటర్నును కంప్యూటరు ద్వారా పంపునపుడు, సంతకమునకు బదులు వెనుకటి యేటి సవరించిన స్థూలాదాయమును సాధారణముగా అడుగుదురు. 2024వ సంవత్సరపు 1040 ఫారములో అది 11వ పంక్తి. ఆ యేడు ఉమ్మడి రిటర్ను వేసిన దంపతులు ఇరువురును ఆ మొత్తమునే యీయవలెను. సగము సగము పంచరాదు. అదియును గాక, పన్ను శాఖవారు సాధారణముగా మూడేండ్లవఱకు వెనుకటి లెక్కలను పరీక్షింపవచ్చును. స్థూలాదాయములో నాలుగవ వంతుకు మించి చూపక విడిచినచో ఆ గడువు ఆఱేండ్లగును. హైదరాబాదునకో విజయవాడకో కాపురము తరలించినంతనే ఆ గడువు ముగియదు. కావున మన దేశమునకు మరలి వచ్చువారు ఆ పత్రములను సామానుతో అటక యెక్కింపక చేతి సంచిలోనే తెచ్చుకొనవలెను.

సోషల్ సెక్యూరిటీ సంఖ్యగాని, దానికి బదులిచ్చు ఐటిన్ సంఖ్యగాని కలవారు గుర్తింపు నిరూపించుకొనినచో, పన్ను శాఖవారు ఆఱు అంకెల రహస్యసంఖ్యను ఉచితముగా నిత్తురు. అది యేటేట మాఱును. అది లేనిదే ఆ పేరిట కంప్యూటరు ద్వారా పంపిన రిటర్ను అంగీకరింపబడదు. భార్యయు దీనిని తన పేరిట ప్రత్యేకముగా పొందవచ్చును.

"మాకు లెక్కలు రావు" అనువారితో మేమేకీభవింపజాలము. నెలసరి సరకుల చీటీలో పది రూపాయల తేడాను పట్టుకొను కన్ను రెండు పుటల ఫారమును చదువలేకపోదు. సంతకమునకు ముందు ఆదాయ మెంత, పన్నెంత, తిరిగి వచ్చున దెంత, ఏ ఖాతాలో పడునని అడుగుట భర్తపై అనుమానము కాదు, ఇంటిపై శ్రద్ధ. ఈ యేడు క్రొత్త కంప్యూటరు కొనిన యిండ్లలో, పాతది గడప దాటకమునుపే, ఆ పత్రముల డిస్కు ఎక్కడ నున్నదో, దాని సంకేతపదమేమో ఇల్లాలికి తెలిసి యుండవలెనని మా మనవి.